రెండు అని రాసిన చీటీలు

చిరంజీవి బుజ్జితల్లికి అమ్మ ఆశీస్సులు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. నీ చేతి మీది దద్దుర్లు మానాయా?

ఆ మిషను షాకేమైనా కొడుతుందా అని అడిగావు. లేదమ్మా. ఛాతీకి ఒక బెల్టు, వేలికి ఒక క్లిప్పు, అంతే. మా అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తేవాళ్ల బుర్ర మీద ఎంత బరువు పడుతోందో కొలుస్తున్నారు. గుండె ఎలా కొట్టుకుంటోందో, వేళ్లు ఎంత చెమర్చాయో అవి చెబుతాయి. గంటకోసారి ఒక చీటీ కూడా ఇస్తారు. ఆ గంట ఎంత భారంగా గడిచిందో ఇరవైకి ఒక అంకె వేయాలి. నేను ప్రతి చీటీలోనూ రెండు వేశాను. అవతల ఎవరో ఊపిరాడక అల్లాడుతుంటే, కుర్చీలో కూర్చున్న నేను కష్టమని రాస్తే ఆ దేవుడు ఏమనుకుంటాడు?

పక్క సీటు అమ్మాయి పదిహేడూ పద్దెనిమిదీ వేసేది. "అక్కా, నువ్వు మనిషివా, ఫ్రిజ్జువా?" అని నవ్వేది.

సోమవారం కొలతలు తీసే అమ్మాయి కంప్యూటరు తెర చూపించింది. "ఆంటీ, మీ గుండె పరుగులు పెడుతోంది, మీరేమో రెండంటారు. బెల్టు వదులై ఉంటుంది లెండి," అంది. నేను తలూపాను. దాంతో నా బెల్టు లెక్క తీసేసి చీటీలు ఉంచారు. వాటిని పట్టుకుని సూపర్‌వైజరు, "ఈవిడకి రెండు, ఆ అమ్మాయికి పద్దెనిమిది. తేడా పనిలో లేదు, మనిషిలో ఉంది. ఒకటో తారీఖు నుంచి ఆ అమ్మాయి ఫోను లైనుతో కలిపి రెండు లైన్లూ మీరే చూసుకోండి," అని నాతో అన్నారు. ఆ అమ్మాయిని తీసేస్తారట. "అక్కా, పని భారమేనని ఒక్క మాట చెప్పవా?" అంది. చెప్పలేదు.

అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానో మరిచిపోతున్నాను. ప్రార్థనకి కూర్చుంటే మాటలు తప్పుతున్నాయి.

నీకు చెప్పనిది ఒకటుంది. పోయిన నెల ఒక పెద్దాయన, భార్య పడిపోయిందని ఫోను చేశారు. ఆయన చెప్పిన వీధికి బదులు, అంతకుముందు వచ్చిన ఫోనులోని వీధి రాశాను. బండి తొమ్మిది నిమిషాలు అక్కడెక్కడో తిరిగింది. ఆవిడ బతికింది. డ్రైవరు దారి తప్పాడని అందరూ తిట్టారు. నేను నోరు విప్పలేదు. ఆ గంట చీటీలోనూ రెండే వేశాను. ఒక్క లైనుకే అలా అయితే, రెండు లైన్లకి ఎవరి ప్రాణం మీదికి తెస్తానో!

ఇవాళ మధ్యాహ్నం ఆ కొలతల అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "బెల్టు సరిగ్గానే ఉందమ్మా. చీటీలే అబద్ధం," అని వీధి సంగతీ చెప్పాను.

"ఆంటీ, ఇది రాస్తే మీ ఉద్యోగానికే ఎసరు."

"రాయమ్మా," అన్నాను.

కొత్త చీటీ ఇచ్చింది. పద్దెనిమిది వేశాను. తర్వాత డ్రైవరుకి ఫోను చేశాను. అంతా విని ఫోను పెట్టేశాడు. రేపు సూపర్‌వైజరు పిలుస్తారు.

నిద్ర పడుతోందా అమ్మా అని అడిగావు కదూ. పైన అలవాటుగా అందరం క్షేమం అని రాసేశాను. నాన్నగారు క్షేమమే. నాకు నెల రోజులుగా నిద్ర లేదు తల్లీ. వీలైతే ఒకసారి వచ్చి వెళ్లు.

ఇట్లు,
రేపటి గురించి భయపడుతున్న
అమ్మ