గంజి పెట్టిన రెక్క

శనివారం, ధర్మవరం

బావ మీద కోపం ఇంకా చల్లారలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నా బొమ్మ విమానం రెక్కలకు పలుచని పట్టుగుడ్డ తడిపి అంటించి, ఆరేదాకా మెలి తిరగకుండా బల్ల మీద ఇటుకల బరువు పెట్టి బజారుకు వెళ్లాను. వచ్చేసరికి ఇటుకలు నేల మీదున్నాయి, కుడి రెక్క గోడకు ఆనించి ఉంది. చీరకు పూసినట్టు దాని పైవైపు గంజి పూసేశాడు మహానుభావుడు.

"ఎవురు పూయమన్నారు బావా?" అన్నాను.

"గంజి పెట్టకుంటే పట్టు యాడ నిలుస్తాది మే? పుట్టినప్పట్నించీ మగ్గం కాడ ఉండేవోణ్ణి, నాకు చెప్తాండావా నువ్వు?"

అక్క నవ్వింది. ఆ నవ్వుకు ఇంకా ఒళ్లు మండింది. ఈ ఇంట్లో పట్టు ఆయన సొత్తు. నేనేమో ఆయన తిండి తినే మరదల్ని.

సాయంత్రానికి గుడ్డ డప్పులా బిగిసింది. కానీ ఒక్కవైపే బిగియడంతో రెక్క చివర పైకి మెలి తిరిగింది. అట్లాగే గాల్లోకి వదిలితే విమానం పల్టీ కొట్టి నేలను గుద్దుతుంది. బావ మాత్రం దాని మీద వేలితో కొట్టి, "సూడు, ఎట్లా మోగుతాందో" అని మురిసిపోయాడు. రేపు మైదానంలో తోటి నేతగాళ్లందరి ముందూ తన చేత్తోనే వదులుతాడట.

ఆవిరి పడితే రెక్క సరవుతుంది. పొయ్యి మీద నీళ్లు పెట్టబుద్ధి కావడం లేదు.

"సరే బావా, నువ్వే వదులు" అన్నాను. ఇన్నాళ్లూ కూర్చుని చేసుకున్న విమానం. పోతే పోనీ.