కొక్కేనికి తగిలించిన తువ్వాళ్ళు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టి ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఒంట్లో అయితే అందరికీ బాగానే ఉంది. నువ్వూ, అమ్మాయీ, బుజ్జిదీ బాగున్నారని తలుస్తాను. బుజ్జిది అచ్చం నా పోలికేనని రాశావు. పాపం, పుట్టీ పుట్టగానే దానికా నింద ఎందుకే?

హోటలు సంగతులు అడిగావు. చిన్న సబ్బులు, షాంపూ పొట్లాలు పూర్తిగా మానేశాం. స్నానాలగదుల్లో గోడకి పెద్ద సీసాలు బిగించాం. ఒక పెద్దమనిషి సీసాతో సహా ఊడబీక్కుని పోయాడు, అది వేరే విషయం. నీళ్ళకి ప్లాస్టిక్ సీసాల బదులు గాజు కూజాలు పెట్టాం. నీ మరదలు వంటింటి తుక్కుతో ఎరువు చేస్తోంది. ఆ గుంట వాసనకి మొదట్లో నేనే ఇల్లు వదిలి పారిపోదామనుకున్నాను.

అన్నిటికన్నా బాగా కుదిరింది తువ్వాళ్ళ పద్ధతి. గదిలో అద్దం పక్కన చిన్న అట్ట పెట్టాం. మళ్ళీ వాడుకునే తువ్వాలైతే కొక్కేనికి తగిలించండి, ఉతకాలంటే నేలమీద వేయండి అని. దుప్పట్లు కూడా రోజూ మార్చడం లేదు. దిగినవాళ్ళు మమ్మల్ని పిసినారులనుకుంటారని భయపడ్డాను. తీరా చూస్తే దాదాపు అందరూ తగిలించేవాళ్ళే! ఎన్ని నీళ్ళు మిగులుతున్నాయో అని కనబడ్డవాళ్ళందరికీ గొప్పలు చెప్పుకున్నాను. మన హోటలు బట్టలన్నీ ఉతికేది బావ లాండ్రీలోనేనన్న సంగతి ఆ గొప్పల్లో నాకు తట్టనే లేదు.

బావ ఉత్తరాలు రెండు ముక్కలు దాటడం లేదేమని అడిగావు. పని ఒత్తిడి అని కిందటిసారి రాశాను. అబద్ధం అక్కా. పని లేక.

మిగతా హోటళ్ళవాళ్ళు ఎప్పుడో సొంత మెషిన్లు కొనుక్కున్నారు. బావ లాండ్రీకి మిగిలింది మనమే. మన మూటలు సగానికి పడిపోయేసరికి ఇస్త్రీ ఆవిడను మానిపించేశారట. నాతో ఒక్క మాట అనలేదు. మూటలకోసం రోజూ హోటలుకి వస్తూనే ఉన్నారు, వేళాకోళాలాడుతూనే ఉన్నారు. "ఏరా, మీ హోటల్లో దిగినవాళ్ళు స్నానాలు కూడా మానేశారా?" అన్నారోసారి. నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈమధ్య మూటలు మళ్ళీ పెరిగాయి. జనం మారిపోయారే అనుకున్నాను. ఇంతలో చివరి గదిలో దిగిన పెద్దావిడ నన్ను నిలదీసింది.

"రోజూ కొక్కేనికి తగిలించే వెళ్తున్నానయ్యా. వచ్చేసరికి కొత్త తువ్వాలు ఉంటోంది. ఆ అట్ట అలంకారానికి పెట్టారా?"

గదులు శుభ్రం చేసే ఆవిడ మీద ఎగిరాను. "విడిచిన బట్టల జోలికి నేను పోవడం లేదు సార్. నా నడుము నొప్పి చూసి మీ బావగారే పైకొచ్చి ఏరుకుంటున్నారు" అంది.

మర్నాడు బావ వెనకాలే మెట్లెక్కాను. చివరి గది తలుపు తీసే ఉంది. బావ కొక్కెం మీంచి తువ్వాలు తీశారు. కాసేపు చేత్తో పట్టుకున్నారు. నేలమీద పడేశారు. మళ్ళీ తనే వంగి, ఏరి, సంచిలో వేసుకున్నారు. నేరుగా సంచిలో వేసుకోవచ్చుగా అక్కా! నేలమీద ఉన్నవే ఉతకాలని అట్టమీద రాశాం కదా, అందుకని ముందు నేలమీద వేశారు.

తలెత్తి నన్ను చూశారు. "తడిగా ఉందిరా, వాసనొస్తోంది" అన్నారు.

"అవును బావా, పట్టుకెళ్ళండి" అన్నాను. ఇంకేమనను?

ఆ మర్నాటినుంచి రావడం మానేశారు. లాండ్రీకి వెళ్ళాను. ఒక్క మెషినూ తిరగడం లేదు. బావ బల్లమీద చేతులు కట్టుకు కూర్చున్నారు.

"అట్టలన్నీ తీయించేస్తాను బావా" అన్నాను.

"నాకోసం శుభ్రంగా ఉన్నవి ఉతికిస్తావా? నువ్వు చేసింది మంచి పనేరా. దొంగపని చేసింది నేను. మీ అక్కకి రాశావంటే మాత్రం మళ్ళీ నీ మొహం చూడను."

హోటల్లో వాటా తీసుకోమన్నాను, నాతోపాటు కూర్చోమన్నాను. "జాలితో ఇచ్చే కుర్చీ నాకొద్దు" అన్నారు. మెషిన్లు బేరానికి పెట్టేశారు. ఊరి చివర పెద్ద హోటల్లో బట్టలుతికే పనికి కుదిరారట. వచ్చే వారంనుంచి వెళ్తారు. సొంతంగా లాండ్రీ నడిపిన మనిషి ఇంకొకరి కింద చేతులు కట్టుకు నిలబడాలి. ఆ పద్ధతి పెట్టేముందు ఒక్కసారి, ఒక్కసారి "బావా, ఇలా చేద్దామా" అని అడిగి ఉంటే ఇద్దరం కూర్చుని ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్ళం. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

అమ్మాయి దగ్గర ఇంకో రెండు నెలలు ఉండనా అని మా ఇద్దర్నీ అడిగావు. తీరిగ్గా ఉండి రమ్మని బావ నీకు రాశారు. ఆ ఉత్తరం నా ముందే అంటించారు, నా చేతికే ఇచ్చి పోస్టు చేయమన్నారు. చేశాను. ఇది దాని వెనకాలే వస్తుంది. ఆయన నా మొహం చూడకపోయినా సరే, నువ్వు బయల్దేరి వచ్చెయ్యి.

ఇట్లు,
నిన్ను తప్ప ఎవరినీ అడగలేని
నీ తమ్ముడు