నెత్తళ్ళకు మైనారిటీ ఎప్పుడు తీరును?

చేపల శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,
తడ దగ్గర కాపురమున్న చేపల వ్యాపారి చౌడప్ప సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లచేపలని చెప్పి పట్టుకున్న నెత్తళ్ళు ఈడు వచ్చినవేనని తేల్చి, నా మోపెడును, దానికి కట్టిన ఐసు పెట్టెను విడిపించుట గురించి.

1. నేను, నా భార్య వరదమ్మ రేవులో నెత్తళ్ళు కొని, మోపెడు మీద శ్రీ సిటీ ఫ్యాక్టరీల కార్మికుల గదుల దగ్గర అమ్ముకొని బతుకుచున్నాము. నెత్తల్లి చిటికెన వేలంత ఉండును. తమరి ఇంటి కూరలో కూడా అంతే ఉండునని మనవి.

2. పోయిన నెలలో తమ తనిఖీ అధికారి చంద్రమౌళి గారు మమ్మల్ని దారిలో ఆపి, బడిపిల్లల స్కేలు తీసి, ఒక నెత్తల్లిని పడుకోబెట్టి కొలిచినారు. జానెడు లేనిది పిల్లచేప అని, దాన్ని పట్టరాదని, అమ్మరాదని ఉత్తర్వు ఉన్నదట.

“ఏమప్పా, పసిబిడ్డలను అమ్మేదానికి నీకు చేతులెట్లా వచ్చినాయి? పెరగనీయల్ల గదా?” అన్నారు.

“ఇవి పెరిగినవే సార్. ఇంతకంటే పెరగవు” అన్నాను.

“నువ్వు ఆగలేదు గాబట్టి పెరగలేదు” అన్నారు.

దీనికి జవాబు తమరి దగ్గర ఉంటే తెలుపగలరు.

3. వరదమ్మ నోరు ఊరుకోదు. ఒక చేప పొట్టను గోటితో చీల్చి చూపింది. “ఇదో సూడు సార్, కడుపు నిండా గుడ్లుండాయి. పసిబిడ్డకు కడుపెట్లా వచ్చినాది?”

చంద్రమౌళి గారు వెంటనే కాగితం మీద రెండో నేరం రాసినారు: గుడ్లతో ఉన్న తల్లిచేపను అమ్ముట. గుడ్లు లేకుంటే పిల్ల, ఉంటే తల్లి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నెత్తల్లి ఏ వయసులో కూరకు పనికి వచ్చునో ఉత్తర్వులో ఎక్కడా లేదు. మగ నెత్తళ్ళ ఊసు అసలే లేదు, పాపం.

4. పొడవే వయసు అయితే, నేను నాలుగున్నర అడుగులు. ముగ్గురు బిడ్డల తండ్రిని, ఒకరికి తాతను. ఆరడుగుల చంద్రమౌళి గారి పక్కన నిలబెట్టి కొలిస్తే నన్ను బడిలో వేయవలసి వచ్చును. నేరం మాత్రం పెద్దవాడిగానే నా మీద రాసినారు.

5. ఈ సంగతి ఎగతాళిగా రాయలేను. మోపెడును చేపలతో సహా తమ ఆఫీసుకు పట్టుకుపోయినందున వరదమ్మ గంప నెత్తిన పెట్టుకొని గది గదికీ తిరుగుతున్నది. మోకాళ్ళు వాచినాయి. సాయంత్రం గంప దించేటప్పుడు గోడ పట్టుకుంటుంది. అది చూడలేక నేను అటు తిరిగి నిలబడుతున్నాను. “మోపెడు వస్తాదిలే, నువ్వు ఊరికే దిగులుపడొద్దు” అని ఆమే నాకు ధైర్యం చెబుతున్నది. ఇట్లయితే ఆమె నడక శాశ్వతంగా పడిపోతుందని నాకు భయంగా ఉన్నది.

కావున తమరు స్కేలు పక్కన పెట్టి, పై సంగతులు చిత్తమునకు తెచ్చుకొని, నా మోపెడును ఇప్పించవలెను.

తమ విధేయుడు (నిలబెట్టి కొలిచినా, పడుకోబెట్టి కొలిచినా),
చౌడప్ప

తా.క.: నిన్న మోపెడు అడిగేదానికి తమ ఆఫీసుకు పోయినాను. సాక్ష్యంగా ఉంచిన నెత్తళ్ళను తిని బలిసిన పిల్లి ఒకటి నా ఐసు పెట్టెలోనే పిల్లలు పెట్టినాది. తల్లీబిడ్డలను కదిలించరాదని గుమాస్తా గారు అన్నారు. పెట్టె మోపెడుకే కట్టి ఉండాది గనుక మోపెడూ కదలరాదట. నేను ఆ పిల్లలను కొలిచినాను. తోకతో కలిపి ఒక్కొక్కటి జానెడు దాటినాది. తమ ఉత్తర్వు ప్రకారం అవి పిల్లలు కావు. ఆ తల్లికి మళ్ళీ కడుపు రాకముందే నా బండి ఇప్పించండి సామీ.