చిట్టి పెళ్లికి మీరు తెచ్చిన సన్నికల్లు

ఏమండీ... నమస్కారమండీ. మీరు వెళ్లిపోయి ఏడాదీ రెండు నెలలూ అయింది.

మన చిట్టి పెళ్లయింది. మొన్న గురువారం, రాజోలు వాళ్లబ్బాయితో. మరిదిగారూ తోడికోడలూ పీటలమీద కూర్చుని కన్యాదానం చేసేరు.

సన్నికల్లు దగ్గరే కొంచెం గొడవైంది.

జ్ఞాపకముందా? ఆనకట్టకి పడవలో రాళ్లు తోలే రోజుల్లో రాజమహేంద్రవరం అవతల నుంచి ఆ నల్లరాయి తెచ్చేరు. మన లంకల్లో గులకరాయైనా దొరకదు కదా. పెళ్లిలో చిట్టి దీనిమీదే కాలు పెట్టాలన్నారు. అప్పటికి దానికి పరికిణీ కట్టుకోవడం కూడా రాదు...

పెళ్లికొడుకు మేనత్తగారు ఆ రాయి తడిమి చెయ్యి లాగేసుకున్నారు. ఒళ్లంతా గుంటలేనట. అమ్మవారు పోసిన మొహంలా ఉందట. నిరుడు ఆవిడ కొడుకు అమ్మవారితోనే పోయేడు పాపం. ఇంకో రాయి తెప్పించమన్నారు. మరిదిగారు పొరుగింటికి మనిషిని పంపబోయేరు.

నేను తలుపు వెనకాల ఉన్నాను. ఎప్పటిలా ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ రాయి తీసేస్తే పందిట్లో మీది ఇంకేముంటుంది?

దాన్ని చెక్కగా మిగిలిన ముక్క ఊరగాయ జాడీమీద బరువుకి పెట్టుకున్నాను కదా. పెరట్లోకి తీసుకెళ్లి గొడ్డలి తిరగేసి కొట్టేను. ఎంత గట్టిదండీ! ఏడో దెబ్బకి పగిలింది. పైన తుప్పు రంగు, లోపల కాటుక నలుపు. ఆ నలుపులోనూ అవే గుంటలు.

"ధవళేశ్వరం రాయి గోకితే ఇసుక రాలుతుంది. దీనికి రేణువే కనబడదు చూడు. భూమిలోంచి కరిగి పొంగుకొచ్చి చల్లారిందిట, ఆనకట్ట కట్టించే దొర చెప్పేడు. నీ అట్టుకి చిల్లులెందుకు పడతాయి? ఆవిరి పోయి. ఇదీ అంతేనే, పిచ్చిదానా!" అనేవారు మీరు. ఎన్నిసార్లు నవ్వేనో ఆ మాటకి...

మేనత్తగారిని లోపలికి పిలిపించి ముక్కలు చేతిలో పెట్టేను. అమ్మవారి మచ్చయితే పైచర్మానికే కదండీ, లోపలిదాకా ఉన్నది పుట్టుకే కదా అన్నాను. అట్టు మాట కూడా చెప్పేను.

ఆవిడ చాలాసేపు గుంటల్లో గోరు పెట్టి చూసుకున్నారు. కళ్లు తుడుచుకున్నారు. తరవాత తనే వెళ్లి రాయికి పసుపు రాసేరు.

చిట్టి కాలు పెట్టడం నేను చూడలేదు. మంత్రం విన్నాను. మీరు చూసేరా?

కాపురానికి వెళ్లేటప్పుడు ఆ రాయి కూడా పంపమని మేనత్తగారే అడిగేరు. ఆయ్ అన్నాను. కానీ మీ తిథి వెళ్లేకే పంపుతాను. ఆ రోజు మీ అల్లం పచ్చడి దానిమీదే నూరుతాను... బెల్లం తక్కువ వేసి.

ఉంటానండీ,
మీ మాణిక్యం