మీ దగ్గరున్న నా ఎక్స్‌రే గురించి

మేనేజరు గారికి,

మీ సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగే పనికి నేను పనికిరానని మీ గుమస్తా చెప్పాడు. రెండు కారణాలట. ఒకటి, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు. రెండు, పాత పని అనుభవానికి కాగితం లేకపోవడం.

మీ గోడ అవతలి బొగ్గు ప్లాంటులో ఇరవై ఆరేళ్లు బాయిలరు కింద బూడిద ఎత్తాను. అది మూసేసిన రోజు కాగితం రాసిచ్చే నాథుడే లేడు. జన్మలో సిగరెట్టు ముట్టలేదు. “కాసేపు దగ్గు ఆపుకోలేకపోయావా?” అని మా ఆవిడ సణుగుతోంది. దగ్గంటే ఆపుకుంటాను గానీ, ఊపిరితిత్తుల్ని ఎక్కడ దాచనండీ?

పని ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ దయ. ఆ ఎక్స్‌రే మాత్రం పారేయకండి. నా అనుభవానికి ఉన్న కాగితం అదొక్కటే.

ఇట్లు,
మీ లిస్టులో కొట్టేసిన పదిహేడో పేరు