తడి నోట్లు

చిన్నోడా,

ఏ పాపమూ ఎరగని మనిషి చెయ్యి చితగ్గొట్టి పారిపోయిన పిరికివాడివి నువ్వు. ఆశీస్సులు తర్వాత. అమ్మా నేనూ క్షేమం. క్షేమంగా లేనిది ఆస్పత్రిలో ఉన్న ఐసన్న.

"డబ్బెక్కడ దాచాడో కక్కాడా?" అని రాశావు. నిన్న బ్యాంకు మేనేజరుతో పోట్లాడి డబ్బు వేసే మిషను విప్పించాను. మెకానిక్ ముక్కు మూసుకుని, "ఇందులో చేపలు దాచుకున్నారా అమ్మా?" అన్నాడు. మన సంఘం సమ్మె నిధి రోలర్ల మధ్య ముద్దగా అతుక్కుపోయి ఉంది. ఆరబెట్టి మన ఖాతాలో జమ చేశారు. ఒక్క నోటూ తగ్గలేదు.

చేపల మార్కెట్లో పొడి నోటు ఎక్కడిదిరా? ఏ రోజు వసూళ్లు ఆ రోజే బ్యాంకులో పడాలని నియమం పెట్టింది నువ్వు. "నోట్లు ఆరనివ్వన్నా, పొద్దున వేస్తా" అని, ఆ డబ్బు వెయ్యడానికి నువ్వు పంపిన ఐసుబండి ఐసన్న బతిమాలితే, "రాత్రంతా నీ దగ్గర పెట్టుకుందామనా?" అన్నదీ నువ్వే. మిషను రసీదు ఇవ్వలేదు. నీకు అంతే చాలింది. అతని కుడిచెయ్యి బల్లకి ఆనించి ఐసు పగలగొట్టే సుత్తి ఎత్తావు. మొదటి దెబ్బకి అరిచాడు. రెండో దెబ్బకి "మిషను మింగేసిందన్నా" అన్నాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి మూడోది పడింది. బల్లమీది ఐసు ఎర్రగా కరిగి బుట్టల కిందికి పారింది. నిన్న రెండు వేళ్లు తీసేశారు.

యజమాని కొడితే దౌర్జన్యం, మనం కొడితే క్రమశిక్షణా? విచారణ లేకుండా శిక్ష కూడదని వేదికలెక్కి గొంతు చించుకున్నవాడివి కదా, ఏ విచారణ చేశావు? నీ సుత్తి చేసిందే విచారణా?

అమ్మ ఏడుస్తోందా అని అడిగావు. ఏడుస్తోంది. ఐసన్నకి అన్నం కలిపి నోట్లో పెడుతూ ఏడుస్తోంది.

ఇక ఇంతసేపూ చెప్పలేకపోయిన మాట. పోలీసులకి నీ పేరు చెప్పింది నువ్వనుకుంటున్నట్టు మార్కెట్ కాంట్రాక్టరు కాదు, నేను. సుత్తి అప్పగించిందీ నేనే. నువ్వు దాక్కున్న ఇల్లు మాత్రం ఇంకా చెప్పలేదు. ఆదివారం చెబుతాను. ఈలోగా ఇవి చెయ్యి:

నీ కాళ్లమీద నువ్వే వచ్చి లొంగిపో.

అంతకుముందు అదే బల్ల దగ్గర నిలబడి, ఐసన్న దొంగ కాదని అందరికీ వినపడేలా చెప్పు.

సంఘం అధ్యక్ష పదవి వదులు.

నీ దుకాణం అతని పేర రాయి. బండి లాగలేని చెయ్యి తక్కెడ పట్టగలదు.

స్టేషనుకి వెళ్లేముందు ఒక్క పూట నువ్వు అన్నం కలిపి పెట్టు. అమ్మ అలిసిపోయింది.

ఇట్లు,
ఇప్పటికీ నీ అక్క