మెక్సికో భోజనం వెతకబోయి

బాన్ అక్యూయ్, మారిషస్
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకూ బావగారికీ తమ్ముడు సూర్యం నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందనీ, పిల్లలు అల్లరి చేసే ఓపికతోనే ఉన్నారనీ అనుకుంటూ ఇది రాస్తున్నాను. తగ్గకపోతే దాచకుండా రాయి. నేను మటుకు నిజంగానే బాగున్నాను, వేళకు తింటున్నాను. ఈ ముక్క అమ్మకు రెండుసార్లు చదివి వినిపించు.

మీరక్కడ రోహిణి ఎండలకు మాడిపోతుంటే నేనిక్కడ కంబళి కప్పుకుని కూర్చున్నాను. ఈ దేశంలో కాలాలు తలకిందులు. నా దగ్గర గంటసేపు తెలుగు పద్యాలు అప్పజెప్పిన పిల్లలు గేటు దాటగానే ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో అరుచుకుంటారు. నన్ను తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో తెలియక రెంటికీ కలిపి ఒకే నవ్వు నవ్వుతాను. వచ్చి ఏడాది దాటినా నాకు ఏదీ సరిగా బోధపడలేదక్కయ్యా.

పోయిన ఉత్తరంలో ఉగాది బాగా జరిగిందని రాశాను. అది సగమే నిజం. నేను ఉండేది రాములుగారింట్లో అని నీకు తెలుసు, నాలుగెకరాల చెరకు తోట ఉన్నాయన. వాళ్ళమ్మ అచ్చమ్మగారు నలభై ఏళ్ళుగా ఈ ఊరి తెలుగువాళ్ళందరికీ ఉగాది పచ్చడి చేసి పెడుతోంది. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలలోనే పండగ రావడంతో ఈసారి గుడి ముందు మూడింతలు జనం. ఆవిడ మొదటి దొప్ప నా చేతికిచ్చింది, దేశం నుంచి వచ్చిన మాస్టరునని. నోట్లో వేసుకున్నాను. మామిడి లేదు. ఇక్కడ మామిడి డిసెంబరులోనే పండి అయిపోతుందట. దాని బదులు ఫ్రీ సితేర్ అనే పచ్చటి పుల్లకాయ తరిగి వేసింది, లోపల పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. వేపపువ్వుకు బదులు వేపచిగురు. నేను నోరు జారి, నవ్వుతూ, అందరి ముందూ, "ఇది ఉగాది పచ్చడి కాదు పెద్దమ్మగారూ, ఇంకేదో" అన్నాను.

ఆవిడ గిన్నె ఎత్తి తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పారబోసింది. అంతమంది ఈ ఏడు పచ్చడి లేకుండానే ఇళ్ళకు వెళ్ళారు. ఇకనుంచి తాను చేయననీ, మాస్టరే చేస్తాడనీ ఊరందరికీ చెప్పింది. రెండు నెలలైంది. నాకు అన్నం పెడుతుంది, మాట్లాడదు. నేను అబద్ధం చెప్పలేదు కదా, మరి ఎందుకింత కోపమో నాకు అంతుపట్టలేదు.

ఇలా ఉండగా, చెరకు ఎత్తే యంత్రం గురించి మాట్లాడటానికి అమెరికా నుంచి గార్సియా అనే ఇంజనీరు వచ్చాడు. రాములుగారు చిన్నరైతుల సంఘానికి కార్యదర్శి. నాకు ఇంగ్లీషు వచ్చు కదా అని ఆ పెద్దమనిషిని నాకు అప్పగించాడు. "మాస్టరుగారూ, ఆయన ఏమి అడిగితే అది చూపించండి, మన పరువు మీ చేతిలో" అన్నాడు. చెరువో కొండో అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే: తెల్లటి గుడ్డ పరిచిన బల్లలుండే పెద్ద హోటల్లో మెక్సికో భోజనం కావాలట! మెక్సికో ఎక్కడుందో అట్లాసులో చూసి తెలుసుకున్నవాణ్ణి, అది ఏమి తింటుందో నాకేం తెలుసు?

రాజధాని పోర్ట్ లూయీ వెళ్ళాం. మొదట ఫ్రెంచివాళ్ళ హోటలు. నల్లకోటు వేసుకున్న వడ్డించే ఆయన చాలాసేపు ఆలోచించి, "కూర ఎర్రగా ఉంటే సరిపోతుందా, మస్యే?" అని, అంటే అయ్యా అని, మర్యాదగా అడిగాడు. టమాటా రసం పోసిన మాంసం ఏదో వచ్చింది. గార్సియా ఒక ముద్ద తిని చెంచా కింద పెట్టాడు. నేను ఉత్త రొట్టె తిన్నాను. మాంసం ముట్టలేదు, నాన్నగారికి ఒట్టేసి చెప్పు. తరవాత చైనావాళ్ళ హోటలు. ఏది అడిగినా "ఎనా, ఎనా" అన్నాడు యజమాని, అంటే ఉందని. ఉన్నది నూడుల్స్, పైన చెంచాడు పచ్చిమిరప ముద్ద. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పరువు నా చేతిలో ఉందని చెప్పారు మరి.

మర్నాడు రోజ్ హిల్ అనే ఇంకో పట్నం. మేడమీద కొత్తగా తెరిచిన హోటలు, అద్దాల దీపాలు, గ్రామఫోను. ఇది తప్పకుండా నచ్చుతుందనుకున్నాను. దాని యజమానురాలు లావుపాటి క్రియోల్ ఆవిడ. "పేరు వద్దు, ఎలా ఉంటుందో చెప్పు, చేయించేస్తా" అంది. ఆయన చెప్పాడు: ఖీమా మాంసంలో ఎండుమిరప పొడి, జీలకర్ర, ఎర్ర చిక్కుడుగింజలు, పైన కరిగిన పసుపుపచ్చ చీజు, పక్కన గోధుమ రొట్టెలు. ఆవిడ ఫక్కున నవ్వింది. "ఇది ఇంట్లో అమ్మ వండే కూర! దీనికోసం నా మేడ ఎందుకెక్కావు?"

గార్సియా నవ్వలేదు. ఆవిడ వెళ్ళాక నాతో చెప్పాడు. ఆయన పుట్టింది టెక్సాసులో, తాతలది మెక్సికో. వాళ్ళమ్మ టెక్సాసులో ఒక పెద్ద హోటలు వంటింట్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఆ హోటలు బల్లల దగ్గర వాళ్ళలాంటివాళ్ళు కూర్చోకూడదట. ఇంజనీరయ్యాక ఈయన అమ్మను తాతల దేశం తీసుకెళ్ళాడు. రాజధానిలో అన్నిటికంటే పెద్ద హోటల్లో కూర్చోబెట్టి, ఇంట్లో ఆవిడ వండే కూర పేరు చెప్పి తెమ్మన్నాడు.

"వడ్డించేవాడు నవ్వాడు ప్రొఫెసర్. 'ఇది మా వంట కాదు, టెక్సాసువాళ్ళ కల్తీ' అన్నాడు. అమ్మ నా పక్కనే ఉంది, కొత్త గౌను వేసుకుని."

"ఆవిడ ఏమన్నారు?" అని అడిగాను.

"ఇంటికి వచ్చాక చనిపోయేదాకా ఆ కూర మళ్ళీ వండలేదు. నేనడిగితే, అది మనది కాదంట కదా బాబూ, అనేది. అప్పటినుంచి ఏ ఊరెళ్ళినా వెతుకుతున్నాను, దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టే చోటు ఒక్కటైనా ఉందేమోనని."

అక్కయ్యా, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నవ్వినవాణ్ణి నేనే. అచ్చమ్మగారు కూడా ఆవిడలాగే చేయడం మానేసింది. గార్సియాను ఆయన బసలో దించి, బస్సులో బాన్ అక్యూయ్ వచ్చేదాకా నాకదే తలపు, ఈవిడ కూడా మళ్ళీ చేయకుండానే వెళ్ళిపోతే?

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో బట్టలు తీస్తోంది. "పెద్దమ్మగారూ, తప్పు చేశాను. ఆ పచ్చడి ఒక్కసారి చేసి పెట్టండి, తింటాను" అన్నాను. ఆవిడ రెండు నెలల తరవాత నా ముఖం చూసింది.

"ఉగాది అయిపోయింది మాస్టరూ. ఇప్పుడు చేస్తే అది పచ్చడి కాదు, ఉత్త సలాడ్" అంది. దండెం మీది చీర లాగుతూ, "మా తాత ఓడ దిగినాడు, మొదటి ఉగాదికి మామిడికాయ కోసం చెరకు తోటలన్నీ తిరిగినాడంట. ఎక్కడా పెనా, లేనే లేదు. రాయి మీద కూసుని ఏడిసినాడంట. మా నాన్నమ్మ ఈ కాయ కోసి చేతిలో పెట్టింది. పులుపే కదా, తిను, అంది. మాకు అదే ఉగాది" అంది.

నేను మళ్ళీ బతిమాలాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "బొన్, సరే. నువ్వు అందరి ముందు చెప్పినావు. వచ్చే ఉగాదికి అందరి ముందు మొదటి దొప్ప నీకే ఇస్తాను. తిని చెప్పు" అంది.

"ఏమి చెప్పాలి?" అన్నాను.

"ఆలోచించుకో. ఏడాది ఉంది కదా."

ఏమి చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మామిడి లేని పచ్చడిని శాస్త్రం ఒప్పుతుందో లేదో నాన్నగారిని ఒక మాట అడుగు. వద్దు, అడగకు. అమ్మ కొట్టిన కందిపొడి ఎవరైనా వస్తుంటే పంపు. దసరాకు వచ్చేస్తానని రాశాను కదా, రాను. ఉగాది అయ్యాకే వస్తాను. అమ్మ ఏడిస్తే, వాడు అన్నం దగ్గర ఒకరిని ఏడిపించాడు, ఆ బాకీ తీర్చుకుని వస్తాడు అని చెప్పు.

అమ్మకూ నాన్నగారికీ నా పాదాభివందనాలు. బావగారిని అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు. ఆ రోజు దొప్ప అందుకున్నాక నోరు జారకుండా సరైన మాట రావాలని దీవించు.

నీ తమ్ముడు,
సూర్యం